హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం: గేటు దగ్గర ఆగిపోయిన అమ్మ

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్ రోజు ఏం జరిగిందో శ్రీకాకుళంలో సగం మందికి నాకంటే ముందే తెలిసిపోయినట్టుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. ఒక తల్లి గంటసేపు గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. వాచ్‌మన్ లోపలికి రమ్మంటే, "వద్దు బాబూ, నానొస్తే పాపకి నామోషీ అంట" అన్నారట. నేతచీర, తలకి కొబ్బరినూనె, మన ఊరి మాట. మిగతా అమ్మలంతా ట్రెండీగా వస్తారని పాప అంటే ఆవిడ నమ్మేశారు.

ఆ పాప ఎవరని ఆరా తీయకండి. నేను మాట్లాడాను, ఏడ్చింది, అయిపోయింది. ఇంట్లోవాళ్లని చూస్తే సిగ్గేసే వయసొకటి అందరికీ వస్తుంది. మా నాన్న సైకిల్ మీద బడికి వస్తుంటే నేను వేరే సందులోంచి తప్పుకునేదాన్ని.

నన్ను కలవరపెట్టింది ఆ తరవాతి వారం. "మేడం, ఈసారి చుడీదార్‌లో రావాలా? జుట్టు స్ట్రెయిట్నింగ్ చేయించుకోమంటారా?" అని నలుగురు అమ్మలు ఫోన్ చేశారు. మరోపక్క, జీన్స్ వేసుకొచ్చిన ఒక తల్లి గురించి రాత్రి పదకొండున్నరకి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ నాకూ చేరింది. దయచేసి ఇక ఆపండి. జీన్స్ ఆవిడ ఇష్టం. ఆ రోజు లెక్కల నోటుబుక్కు మొదటి పేజీ నుంచీ తిరగేసి చూసింది ఆవిడొక్కరే, అది గ్రూపులో ఎవరూ పెట్టలేదేం?

ట్రెండీగా ఉండడం మీకు సరదా అయితే ఉండండి. పిల్లలు చిన్నబుచ్చుతారన్న టెన్షన్‌తో మాత్రం వద్దు. ఈ ఏడాది ఫ్యాషన్ మీరు అందుకునేలోపు అది పాతదైపోయిందని వాళ్లే నవ్వుతారు.

ఇక మాట సంగతి. ఇక్కడ నాకు కాస్త ఆవేశం వస్తుంది, ఓర్చుకోండి. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. సవర గిరిజనుల భాష నేర్చుకుని నిఘంటువు కూడా తయారు చేసిన మనిషి. ఏటా ఆయన పుట్టినరోజున మన స్టేజీ మీద తెలుగు గొప్పదని చప్పట్లు కొట్టిస్తాం. ఇంటికెళ్లాక అమ్మ "ఎలగ రాసినావమ్మా" అంటే "సరిగ్గా మాట్లాడు" అని కసురుతాం. అమ్మ యాసకి సిగ్గుపడమని పిల్లలకి ఏ టీచరూ చెప్పలేదు. మీ హాల్లో సోఫా మీద కూర్చుని పల్లెటూరి చుట్టాల మాటని వెక్కిరించే పెద్దవాళ్ల దగ్గరే నేర్చుకుంటున్నారు.

మన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు సైన్స్ ఫెయిర్‌లో పొందూరు ఖాదీ పెట్టారు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని ఎలా దువ్వుతారో చేసి చూపించారు. జడ్జిగారు "మిగతా చేప ఏదమ్మా?" అంటే, ఒకతె తడుముకోకుండా "పులుసెట్టేసినాం సార్" అంది. జిల్లా స్థాయికి ఎంపికయ్యారు! కనిపించినవాళ్లందరికీ ఆ ఫొటో చూపిస్తున్నానని మా ఇంట్లో విసుక్కుంటున్నారు.

ఎస్‌ఏ-1 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, బస్సు ఫీజు 10వ తేదీలోగా కట్టేయండి, స్వెటర్ల మీద పేరు రాయండి.

మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా రాత్రి పొద్దుపోయేదాకా అమ్మ రీల్స్‌కి కెమెరా పట్టుకున్న పిల్లలు మొదటి పీరియడ్‌లో తూలుతున్నారు. టిఫిన్ బాక్సులో చిప్స్ ప్యాకెట్టు గురించి మళ్లీ రాయకూడదనుకున్నాను, రాయలేదనే అనుకోండి.

వచ్చే మీటింగ్ రెండో శనివారం పదింటికి. లోపల కుర్చీలున్నాయి, గేటు దగ్గర ఎవరూ ఆగకండి. ఆ వేపచెట్టు తల్లిది పొందూరు, చిన్నప్పుడు రాట్నం తిప్పారు. తొమ్మిదో తరగతికి వడకడం చూపించమని అడిగితే "నాకేటొచ్చునండీ" అంటున్నారు. పాప మాత్రం నిన్న నా గదికొచ్చి, స్కూలు బస్సులో రాట్నం పడుతుందా అని అడిగి వెళ్లింది.

మీ
హెడ్‌మిస్ట్రెస్