స్వామివారి వెండి కవచం నల్లబడుతోంది: భక్తులకు విజ్ఞప్తి

భక్త మహాశయులకు ఆలయ కమిటీ నమస్కారాలు.

కల్యాణోత్సవాలు దగ్గరపడ్డాయి. కవచం శుభ్రం చేయించడానికి అనుకున్న విరాళాల్లో సగమైనా అందలేదు. వెండి పనివారు ఈ నెలాఖరు వరకే ఆగుతామన్నారు.

మీ తాతముత్తాతలు కడియాలు, మొలతాళ్లు ఇచ్చి చేయించిన కవచమిది. ఎవరి ఇంటి నుంచి ఏం వచ్చిందో మీ పెద్దలకు తెలుసు. ఈసారి హారతి వెలుగులో ఒక్కసారి పరికించి చూడండి. నుదుటి దగ్గర వెండి పసుపు తిరిగింది, భుజాల మీద గోధుమరంగుకు మారింది, శంఖుచక్రాల నగిషీ గీతల్లో నల్లగా పేరుకుంది. గాలిలోని గంధకపు వాయువులు సోకి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా, అంటే వెండి, గంధకం కలిసిన పదార్థంగా మారితే ఇలాగే అవుతుంది. లోపలి వెండికి ఏమీ కాలేదు.

పొడి వేసి రుద్దితే చాలదా అని కొందరు అడుగుతున్నారు. చాలదు. రుద్దిన ప్రతిసారీ నలుపుతో పాటు వెండీ అరిగిపోతుంది. వక్షస్థలం మీది అమ్మవారి ముఖంలో కనుముక్కు తీరు ఇప్పటికే చదునైంది. గంధకాన్ని విడదీసి, వెండిని వెండిగానే మిగిల్చే పద్ధతులున్నాయి. అందుకు పని తెలిసిన చేతులు కావాలి.

శుభ్రం చేయించి మళ్లీ గాలికి వదిలేస్తే ప్రయోజనం ఏముంది? అందుకే గాలి చొరబడని అద్దాల బీరువా కావాలని మన కోశాధికారిగారు ఏళ్ల తరబడి పట్టుబడుతున్నారు. ఉన్ని శాలువాలో చుట్టి పెడదామంటే ఉన్నిలోనే గంధకం ఉంది. బీరువాలో తేమను పీల్చే సంచులు ఉంచి, వాటిని వేళకు మారుస్తూ ఉంటే కవచం చాలాకాలం మెరుస్తుంది. ఈ బీరువా ఈసారి తప్పనిసరి. దీపపు సెమ్మెల చిలుము, ధ్వజస్తంభం ఇత్తడి తొడుగు, మండపం పైకప్పు మరమ్మతు కూడా జాబితాలో ఉన్నాయి.

నిరుడు సభలో పేర్లు రాయించినవారిలో చాలామంది ఇంకా చెల్లించలేదు. మాట ఇచ్చిన నాడు మీ ముఖాల్లో కనిపించిన మెరుపు ఏడాది తిరక్కుండానే మాసిపోయిందంటే నమ్మడానికి మనసొప్పడం లేదు. ఇబ్బందులు ఎవరికైనా ఉంటాయి. తోచినంత ఇవ్వండి, కానీ ఇప్పుడే ఇవ్వండి.

నగదైనా, పాత వెండైనా దర్శన వేళల్లో ఆలయ కార్యాలయంలో అందజేసి రసీదు తీసుకోండి. వెండిని మీ ఎదుటే తూకం వేస్తాం. నెలాఖరులోగా పని మొదలుకాకపోతే ఈ కల్యాణానికి స్వామివారిని కవచం లేకుండానే దర్శించుకోవలసి వస్తుంది.

ఇట్లు,
ఆలయ కమిటీ సభ్యులు