ఫ్లాపీలు పోయాయని చెప్పి పంపించినవాళ్లు దయచేసి మళ్ళీ తీసుకురండి

తిరుపతి బైరాగిపట్టెడలో మా కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం. ఇది ముఖ్యంగా పోయిన ఏడాది నుంచి మొన్నటి వరకు పాత ఫ్లాపీలు తెచ్చి, "ఇది పోయిందండీ, ఇంక రాదు" అని నా నోట విని వెనక్కి వెళ్లినవాళ్ల కోసం రాస్తున్నాను. వాటిలో చాలావరకు పోలేదు. నేను చూసిన పద్ధతే తప్పు, ఆ సంగతి దాచుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇన్నాళ్లూ నేను వాడింది యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవ్. దాంతో ఇబ్బంది ఏమిటంటే, లోపలున్న చిన్న చిప్పే అంతా చూసుకుంటుంది, కంప్యూటర్‌కి అది దాదాపు పెన్‌డ్రైవ్ లాగానే కనిపిస్తుంది, లినక్స్‌లో (విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్) పెట్టినా ఎస్‌డీబీ అనో ఎస్‌డీసీ అనో పేరు వస్తుంది. ఒక సెక్టార్ (డిస్క్ మీద సమాచారం ఉండే చిన్న ముక్క) అందకపోతే తన లెక్క ప్రకారం కాసేపు చూసి లేదనేస్తుంది, ఇంకోసారి చూడు, మెల్లగా చూడు అని మనం చెప్పే వీలు లేదు. నేను ఆ మాటే నమ్మి మీకు చెప్పాను.

పుత్తూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు పదకొండు ఫ్లాపీలు తెచ్చారు. గంగమ్మ జాతరల్లో పాడే పాటలు, ఊరూరా తిరిగి ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నవి, 1998 ప్రాంతంలో పేజ్‌మేకర్‌లో టైప్ చేయించుకున్నారు. పదకొండులో తొమ్మిది రావన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు, "సరేలే నాయనా" అని వాటిని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక స్కూలు వాళ్లు ల్యాబ్ ఖాళీ చేస్తుంటే పాత పెంటియం 4 మెషీన్ ఒకటి తెచ్చుకున్నాను, దాని బోర్డు మీద ఫ్లాపీకి 34 పిన్నుల కనెక్టర్ ఉంది. పాత సామానులో రెండు మంచి డ్రైవ్‌లు దొరికాయి. మొదటిరోజు స్విచ్ వేయగానే డ్రైవ్ లైట్ వెలిగి ఆరనే లేదు, అలా ఆరకపోతే కేబుల్ తిరగేసి పెట్టామని అర్థం. సరిగ్గా పెట్టాక బయాస్‌లో (కంప్యూటర్ సొంత సెట్టింగులు ఉండేచోటు) చూస్తే డ్రైవ్ రకం ఐదుంపావు అంగుళాలదని ఉంది, దాన్ని మూడున్నర అంగుళాలు, 1.44 ఎంబీ అని మార్చాను. ఆ కేబుల్ మధ్యలో ఏడు తీగలు మెలి తిరిగి ఉంటాయి, మెలి దాటాక తగిలించింది A డ్రైవ్, మెలికి ముందు తగిలించింది B డ్రైవ్. లినక్స్‌లో ఫ్లాపీ మాడ్యూల్ లోడ్ చేయగానే అవి ఎఫ్‌డీ0, ఎఫ్‌డీ1 అని వచ్చాయి. ఆ పేరు కనిపించిందంటే ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు, కంట్రోలర్‌తో (డ్రైవ్‌ను నడిపే బోర్డు మీది చిప్) లినక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాం నేరుగా మాట్లాడుతోందన్నమాట.

అసలు తేడా అక్కడే వచ్చింది. ఎఫ్‌డీయుటిల్స్ అనే ప్యాకేజీలో ఫ్లాపీకంట్రోల్ అని ఒక ప్రోగ్రాం ఉంది. హెడ్ (డిస్క్‌ను చదివే భాగం) ఒక ట్రాక్ (డిస్క్ మీది గుండ్రటి వరుస) నుంచి పక్క ట్రాక్‌కి ఎంత వేగంగా జరగాలి, మోటార్ తిరగడం మొదలయ్యాక చదవడానికి ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ అందులో మార్చుకోవచ్చు. ఎన్ని తప్పులు వస్తే హెడ్‌ను సున్నా ట్రాక్‌కు తీసుకెళ్లి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ రావాలి, ఎన్నింటికి కంట్రోలర్‌ను రీసెట్ చేయాలి, ఎన్నింటికి ఇక వదిలేయాలి అన్నది కూడా మన చేతిలోనే ఉంటుంది. ఇరవై ఏళ్లు మూలన పడున్న డ్రైవ్‌లో గ్రీజు గట్టిపడి హెడ్ కదలడానికి మొరాయిస్తుంది, అది జరిగే వేగం తగ్గిస్తే సరిగ్గా వెళ్లి కూర్చుంటుంది. ఇంకో డిస్క్‌లో ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటిదే ఇంకో సిస్టమ్) కూడా వేసి చూశాను. అక్కడ ఫ్లాపీ సెట్టింగులకు ఎఫ్‌డీకంట్రోల్ ఉంది, చదవడానికి ఎఫ్‌డీరీడ్ ఉంది, అదీ మంచిదే కానీ నాకు చేయి తిరిగింది లినక్స్ కాబట్టి రోజూ అదే వాడుతున్నాను.

మాస్టారికి ఫోన్ చేసి ఫ్లాపీలు మళ్ళీ తెప్పించుకున్నాను. 1.44 ఫ్లాపీ అంటే రెండు వైపులు, ఒక్కో వైపు 80 ట్రాకులు, ట్రాక్‌కు 18 సెక్టార్లు, మొత్తం 2880 సెక్టార్లు. నాలుగో ఫ్లాపీని డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో చదివిస్తే మొదటి విడతలో 2869 వచ్చాయి, పదకొండు రాలేదు. అది ఏవి వచ్చాయో ఏవి రాలేదో ఒక మ్యాప్ ఫైల్లో రాసి పెట్టుకుంటుంది, అందుకని అదే ఫ్లాపీని రెండో డ్రైవ్‌లో పెట్టి మిగిలినవే అడిగాను, ఎనిమిది వచ్చాయి. ఒక డ్రైవ్ హెడ్ ఉన్నచోటికి ఇంకో డ్రైవ్ హెడ్‌కి వెంట్రుకవాసి తేడా ఉంటుంది, రాసిన డ్రైవ్‌కి ఏది దగ్గరగా ఉంటే అది బాగా చదువుతుంది. పోయిన మూడింటిలో ఒకటి సున్నా సెక్టార్, అంటే మొట్టమొదటిది, విండోస్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగింది దానివల్లే. అందులో ఉండేది దాదాపు అన్ని 1.44 ఫ్లాపీల్లోనూ ఒకే రకం సమాచారం, కాబట్టి ఇమేజ్‌లో (ఫ్లాపీ మొత్తానికి తీసుకున్న కాపీ ఫైల్) మాత్రం మంచి ఫ్లాపీ నుంచి దాన్ని తెచ్చి పెట్టాను, పాటలన్నీ తెరుచుకున్నాయి. మీకెవరికైనా ఆ ఫార్మాట్ ప్రశ్న వస్తే దయచేసి ఎస్ నొక్కకండి.

రావన్న తొమ్మిదిలో ఏడు పూర్తిగా వచ్చాయి, ఒకటి కొద్దిగా తరుగుతో వచ్చింది, ఒకటి రాలేదు.

రానివాటి గురించి కూడా చెప్పాలి. షట్టర్ (ఫ్లాపీ అంచున జరిగే రేకు) పక్కకు జరిపి చూస్తే డిస్క్ మీద గుండ్రంగా మెరిసే గీత కనిపించిందంటే పూత రాలిపోయినట్టే, దానికి ఏ సెట్టింగూ పనిచేయదు. పాత మాకింటోష్ 800 కేబీ ఫ్లాపీలు కూడా ఈ కంట్రోలర్ చదవలేదు. ఐదుంపావు అంగుళాలవాటికి నా దగ్గర మంచి డ్రైవ్ లేదు, దొరికితే చెబుతాను.

ఇంకో విషయం, ఇది చెప్పడానికి కష్టంగా ఉంది. ఏప్రిల్‌లో ఒకరి ఫ్లాపీకి బూజు పట్టి ఉంటే గమనించకుండా డ్రైవ్‌లో పెట్టాను, ఆ మురికి హెడ్‌కి అంటుకుంది, వెంటనే పెట్టిన ఇంకొకరి మంచి ఫ్లాపీ మీద గీత పడింది. వాళ్ల ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను, పోయినవి వాళ్ల అమ్మగారి వంటల నోట్సు, వాటిని తిరిగి ఇవ్వలేను. అప్పటి నుంచి ప్రతి ఫ్లాపీ షట్టర్ తీసి వెలుతురులో చూస్తాను, బూజు ఉంటే పక్కన పెట్టి చివర్లో చేస్తాను, ప్రతి కస్టమర్ పని అయ్యాక హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తాను. అందుకే పని నెమ్మదిగా సాగుతోంది, రోజుకు పది ఫ్లాపీల కంటే తీసుకోవడం లేదు.

ఈ మెషీన్ ఎన్నాళ్లు ఉంటుందని కొందరు అడిగారు. సోనీ ఫ్లాపీల అమ్మకం 2011లోనే ఆపేసింది. 2019లో లినక్స్ ఫ్లాపీ డ్రైవర్‌ను చూసేవాళ్లు లేరని లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని అనాథల జాబితాలో పెట్టారు, తర్వాత ఇంకొకరు ముందుకొచ్చి తీసుకున్నారు. అంటే ఇప్పటికి నడుస్తోంది. కానీ నా దగ్గరున్నవి రెండే డ్రైవ్‌లు, అవి అరిగిపోయే వస్తువులు, కాబట్టి తర్వాత చూద్దాంలే అని అనుకోకండి.

డబ్బు సంగతి. ముందు "రాదు" అని నేను చెప్పి పంపించినవాళ్లకు ఉచితం, అప్పుడు తీసుకున్న చెకింగ్ చార్జీ కూడా తిరిగి ఇస్తాను, రసీదు లేకపోయినా పర్లేదు, నా పుస్తకంలో ఉంది. కొత్తగా తెచ్చేవాళ్లకు ఫ్లాపీకి 200 రూపాయలు, ఏమీ రాకపోతే ఏమీ వద్దు. ఫైల్ వచ్చినా పాత తెలుగు ఫాంట్లలో కొట్టినవైతే ఇప్పటి కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి ఒత్తులు, గుణింతాలు ఒక్కొక్కటీ సరిచూడాలి, ఆ పని మా ఆవిడ చేస్తుంది, దానికి పేజీ లెక్కన వేరే తీసుకుంటాం.

తెచ్చేముందు ఫ్లాపీ మూలనున్న చిన్న తలుపు జరిపి రంధ్రం తెరిచి ఉంచండి, అప్పుడు పొరపాటున కూడా దాని మీద ఏమీ రాయబడదు. ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని తిరగొద్దు. చిత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్లు ముందుగా ఒక ఫోన్ చేస్తే ఆ రోజు ఖాళీ ఉందో లేదో చెబుతాను. ఆదివారం కొట్టు ఉండదు.

కౌంటర్ డ్రాయర్లో నీలం రంగు ఫ్లాపీ ఒకటి ఉండిపోయింది, లేబుల్ మీద నీలి సిరాతో "నాన్న ఉత్తరాలు 2" అని రాసి ఉంది. నేను రాదన్నాక ఎవరో వదిలేసి వెళ్లినట్టున్నారు. మొత్తం 2880 సెక్టార్లూ వచ్చాయి, లోపల ఏముందో మాత్రం తెరిచి చూడలేదు. మీదైతే రండి.