చిత్రం కింద నాలుగు వాక్యాలు రాయలేమా?
కొండపల్లి శేషగిరిరావు చిత్రాన్ని గోడకు తగిలించి, కింద ‘ప్రకృతి దృశ్యం’ అని మాత్రమే రాసి వదిలేయడం అన్యాయం. మొన్న ఒక ప్రదర్శనలో చూశాను. అందులోని గుట్టలు ఏ ఊరివో, ఏ ఏడాది వేశారో, నీటిరంగుల చిత్రమో తైలవర్ణ చిత్రమో ఏమీ లేదు. అద్దంలో ట్యూబ్‌లైటూ నా ముఖమూ తప్ప మరేం కనిపించలేదు; పక్కకు జరిగి మెడ వంచితే గానీ ఆ బండల మీది పల్చటి నీడలు కంటబడలేదు. శాంతినికేతన్‌లో ప్రఖ్యాత చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, దక్కన్ రాళ్లనూ పురాణ పాత్రలనూ ఒకే శ్రద్ధతో గీసిన చిత్రకారుడాయన (1924–2012). పక్కనున్న కుర్రాడు మాత్రం పేరు చూసి ఆయన కొండపల్లి బొమ్మలు చేసేవారనుకున్నాడు, పాపం! నిర్వాహకులు మెరవని అద్దం బిగించి, లైట్లు పక్కకు తిప్పి, ప్రతి చిత్రం కింద నాలుగు వాక్యాల తెలుగు వివరం పెట్టాలి.