పాడింది పాడినట్టే వినిపించండి

సంపాదకులకు,

టీవీ పాటల పోటీల్లో న్యాయనిర్ణేతలు పక్షపాతం చూపిస్తున్నారంటూ మీ పత్రికలో వరుసగా వస్తున్న లేఖలు చదువుతున్నాను. అంత చక్కగా పాడిన పిల్లకు మార్కులు ఎందుకు తగ్గించారన్నదే అందరి కోపం. ఇలాంటి కార్యక్రమాల్లో పోటీదారులకు పాట నేర్పే పని చాలాకాలంగా చేస్తున్నదాన్ని. వేదిక మీద ఆ పిల్ల పాడిన పాటా, మీరు ఇంట్లో విన్న పాటా ఒకటి కాకపోవచ్చని పాఠకులకు తెలియాలి.

పోటీలో పాట తయారయ్యే తీరు బయటివారికి కనిపించదు. ఆడిషన్లకు వచ్చిన జనంలో చాలామంది అసలు న్యాయనిర్ణేతల ముఖమే చూడరు. అంతకు ముందే సహాయకులు ఒకటి రెండు సార్లు వడపోస్తారు. పాట కూడా పిల్లలు కోరుకున్నదే దొరుకుతుందని లేదు, ఛానల్‌కు హక్కులున్న వాటిలోంచే ఎంచుకోవాలి. ఐదు నిమిషాల పాటను సగానికి కుదిస్తారు. తరచుగా రెండో చరణం ఎగిరిపోతుంది.

ఆ తర్వాత శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరం ఎంత ఎత్తులో ఉండాలన్నది. నా దృష్టిలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. మగ గొంతు కోసం కట్టిన పాట అమ్మాయి పాడాలంటే, పల్లవిలో కింది స్వరాల దగ్గర మాట వినిపించాలి, చరణంలో పై స్వరం అందాలి. ఒకదానికి సరిపోయిన శ్రుతి రెండోదానికి సరిపోదు. అర స్వరం పెంచుతాం, మళ్లీ తగ్గిస్తాం. మేము మార్చిన ప్రతిసారీ వాద్యబృందం మొత్తం పాటను కొత్త శ్రుతిలో వాయించుకోవాలి, అదీ చిత్రీకరణకు కాస్త ముందు. వాళ్ల ఓర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఎపిసోడ్ చివర వాళ్ల పేర్లు చదవడానికి వీల్లేనంత వేగంగా పరుగెత్తిపోవడం చూస్తే కడుపు రగిలిపోతుంది.

చిత్రీకరణ రోజున ఒకటికి మించి ఎపిసోడ్లు తీస్తారు. ఎప్పుడో తీసిన చప్పట్లను ఇంకెక్కడో అతికిస్తారు. ఇవన్నీ టీవీ పద్ధతులు, వాటితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమల్లా ఆ తర్వాత గొంతుకు చేసే మరమ్మతు మీదే.

నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి విషయమే చెబుతాను. చరణం చివర పై గాంధారం, అంటే పై స్థాయి ‘గ’ స్వరం మీద నిలబడాలి. ఊపిరి చాలక స్వరం కిందికి జారింది. జారింది కొంచెమే, కానీ వయొలిన్లు అదే గాంధారం పట్టుకుని ఉండటంతో ఆ తేడా హాలంతా వినిపించింది. న్యాయనిర్ణేత ఎంతో మృదువుగా, ‘అక్కడ శ్రుతి తగ్గిందమ్మా, ముందు వాక్యం దగ్గరే ఊపిరి తీసుకో’ అన్నారు. పిల్ల తలూపింది, తనకూ తెలుసు కాబట్టి. ప్రసారంలో మాత్రం జారిన స్వరాన్ని దిద్దేశారు, ఆ గాంధారం ఎక్కడా చెక్కుచెదరలేదు. న్యాయనిర్ణేత అన్న మాటను అలాగే ఉంచేశారు! అపస్వరమే లేని పాటలో తప్పు పట్టిన మనిషిగా ఆయన నానా మాటలూ పడ్డారు. ఆ పిల్లకు జరిగిన నష్టం ఇంకా పెద్దది. నీ పాటలో తప్పే లేదని ఇంట్లోవాళ్లు వీడియో పెట్టి చూపిస్తుంటే, ఊపిరి సాధన చెయ్యమని నేనెలా ఒప్పించాలి?

స్వరాన్ని సరిచేసే ‘ఆటో ట్యూన్’ సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. చమురు అన్వేషణలో భూకంప తరంగాల లెక్కలు చూసిన ఆండీ హిల్డెబ్రాండ్ దాన్ని తయారు చేశారు. సినిమా పాటకో, ఆల్బమ్‌కో దాన్ని వాడితే ఎవరికీ నష్టం లేదు. పోటీ సంగతి వేరు. 2010లో బ్రిటన్‌లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే టీవీ పాటల పోటీ ఆడిషన్ల ప్రసారంలో గొంతులు దిద్దారని ప్రేక్షకులు పసిగట్టి గొడవ చేస్తే, నిర్మాతలు ఒప్పుకోవలసి వచ్చింది. మిగిలిన ఎపిసోడ్లలో దాన్ని వాడవద్దని ఆ కార్యక్రమ సృష్టికర్త సైమన్ కోవెల్ చెప్పారు. యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో ప్రధాన గాత్రం వేదిక మీద పాడి తీరాలన్నది నియమం. ఫైనల్‌కు అక్కడి జ్యూరీలు ముందురోజు సాయంత్రం జరిగే రిహార్సల్ చూసి మార్కులు వేస్తాయి, ప్రేక్షకులు మర్నాటి ప్రత్యక్ష ప్రసారం చూసి ఓటేస్తారు. అంటే ఇద్దరూ వినేది ఒకే పాడటం కాదు. అయితే ఆ సంగతి అందరికీ ముందే తెలుసు.

మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచీ బాలుగారు పిల్లల పాట అయ్యాక తప్పిన చోటును తానే పాడి చూపించేవారు. ఆ దిద్దుబాటు విని ఎన్నో ఇళ్లలో పిల్లలు పాట నేర్చుకున్నారు. తప్పు వినిపించింది కాబట్టే దిద్దుబాటుకు విలువ వచ్చింది.

హాల్లో రొద, మైకులో లోపాలు, రోజంతా పాడి అలసిన గొంతులు, అందుకే కాస్త సరిచేస్తున్నామని సాంకేతిక నిపుణులు నాతో అన్నారు. రొద తీసేయండి, వాద్యాల మోత తగ్గించి గొంతు పెంచండి, కాదనను. స్వరస్థానాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అలసట తగ్గాలంటే రోజుకు తీసే ఎపిసోడ్లు తగ్గించాలి. మార్కులు, ఓట్లు ఉన్న రౌండ్లలో పాడింది పాడినట్టే ప్రసారం చేయాలి. దిద్దక తప్పదనుకుంటే ఓటు అడగడానికి ముందే ఆ మాట తెర మీద చదవగలిగేలా వేయాలి.

మీ పత్రిక ఈ కార్యక్రమాల నిర్మాతలతో తరచూ ముఖాముఖి ప్రచురిస్తోంది. ఈసారి వాళ్లను కలిసినప్పుడు, పోటీ రౌండ్లలో గొంతు దిద్దుతున్నారా లేదా అని దయచేసి సూటిగా అడగండి. వాళ్లు ఏం చెప్పినా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక సంగీత ఉపాధ్యాయురాలు