ప్రతిభను గుర్తించడం ఒక్కరోజు పరీక్షతో తేలే పని కాదు

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వ గురుకులాలైన నవోదయ పాఠశాలల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఫలితాలు వెలువడిన ప్రతి ఏడాదీ సీటు సాధించిన పిల్లల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పినవాడిగా ఆ ఫొటోలు చూసి నేను నిజంగా సంతోషిస్తాను. అయితే చూసిన ప్రతిసారీ వాటిలో లేని ఒక అమ్మాయి కూడా నాకు గుర్తుకు వస్తుంది.

ఆ అమ్మాయి దేవరకొండ వైపు ఒక తండా నుంచి మా బడికి వచ్చింది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. ఏడాది మొదట్లో పెట్టిన పరీక్షలో తెలుగు పేరా తడబడకుండా చదవలేకపోయిందని ఆమెను ‘సి’ గ్రూపులో, అంటే వెనుకబడిన పిల్లల జాబితాలో చేర్చాం. చేర్చిన ఉపాధ్యాయుల్లో నేనూ ఉన్నాను. ఏడో తరగతిలో ఒకరోజు నల్లబల్ల మీద 49ని 51తో గుణించమని రాసి, నేను నిలువుగా వేసి చూపించేలోపే వెనుక వరుస నుంచి ‘రెండు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది’ అని ఆమె గొంతు వినిపించింది. ఎలా వచ్చిందని అడిగితే మాటల్లో చెప్పలేక తల దించుకుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక నన్ను వరండాలోకి పిలిచి చింతపిక్కలు పరిచింది. వరుసకు ఐదు చొప్పున ఐదు వరుసలు పేర్చి, అడుగు వరుసలోని ఐదింటినీ తీసి, వాటిలో నాలుగింటిని మిగిలిన నాలుగు వరుసల చివర ఒక్కొక్కటిగా పెట్టింది. ఇప్పుడు వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలయ్యాయి, చేతిలో ఒక పిక్క మిగిలింది. ఆ పిక్కను నా ముందు పెట్టి, ‘యాభైకి కూడా ఇంతే సార్’ అంది. అంటే 50ని 50తో గుణించి ఒకటి తీసేస్తే 49, 51ల లబ్ధం. రెండు వర్గాల భేదమని పై తరగతి బీజగణితంలో మేము సూత్రంగా బట్టీ పట్టించే విషయాన్ని ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది.

ఆమె అంతకు రెండేళ్ల ముందు, ఐదో తరగతిలో ఉండగా, నవోదయ పరీక్ష రాసిందని తరువాత తెలిసింది. ఆ పరీక్షకు రెండు గంటల సమయం, 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తికి 50, అంకగణితానికి 25, భాషకు 25. మేధాశక్తి విభాగంలోని బొమ్మల ప్రశ్నలు ఆమె ఇష్టంగా చేసిందట. భాషా విభాగంలో పేరాలు చదవడానికే సమయమంతా పోయింది. అంకగణితం ప్రశ్నలూ చాలావరకు వాక్యాల్లోనే ఉంటాయి కనుక, లెక్క వచ్చినా ప్రశ్న అర్థం కాక వదిలేసింది. ఒకసారి రాసినవారికి మళ్లీ రాసే అవకాశం లేదు. అదే పరీక్షకు పట్టణాల్లో పిల్లలను ఏడాది పాటు బడి మాన్పించి కోచింగ్ సెంటర్లలో కూర్చోబెట్టే తల్లిదండ్రులను నేను ఎరుగుదును. వారిని తప్పుపట్టను, బిడ్డ బాగు ఎవరైనా కోరుకుంటారు. కానీ ఏడాది సాధన చేసిన పిల్లవాడూ, హాల్‌టికెట్ చేతికి వచ్చాక గాని పరీక్ష ఎలా ఉంటుందో తెలియని తండా పిల్లా ఒకే కాగితం మీద రాసినప్పుడు, వచ్చిన మార్కుల్లో ప్రతిభ ఎంత, సాధన ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు.

ఈ పాఠశాలల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో మా ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం పుట్టింది. 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయాలు వచ్చినప్పుడు కేంద్రంలో విద్యాశాఖ చూసిందీ ఆయనే. ఆ చదువుతో కూలీల పిల్లలు ఎంత ఎత్తుకు వెళ్లారో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒక నవోదయలో ఏటా ఆరో తరగతిలో చేరేది ఎక్కువలో ఎక్కువ 80 మంది. సీటు రాని వేల మందిలో ప్రతిభ లేదని ఆ పరీక్ష చెప్పడం లేదు, చెప్పజాలదు కూడా. వారంతా తిరిగి మన మామూలు బడులకే వస్తారు. అక్కడ వారి కోసం ఏమీ లేదన్నదే నా బాధ.

ఎనిమిదో తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష, అంటే ఎన్‌ఎంఎంఎస్, ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు మించని సర్కారు బడి పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు ఇచ్చే ఈ పథకం ఎందరినో బడి మానకుండా ఆపిందని నేను కళ్లారా చూశాను. అయినా ఆ ఉపకారవేతనం సాధించిన పిల్లవాడికి మరునాడు బడిలో మారేదేమిటి? అదే పుస్తకం, అదే అభ్యాసం, ముందే ముగించి కూర్చుంటే ‘అల్లరి చేయకు, పక్కవాడికి చెప్పు’ అన్న అదే మాట. స్టెప్పులు రాయకుండా నేరుగా జవాబు రాస్తే మార్కుల కోత. 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తరువాత ఆగిపోయింది. పేదింటి పిల్లల్లో అది రాసినవారు కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందికీ దారి మూసుకుపోయింది.

వైకల్యం ఉన్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులున్నారు. అవి ఇంకా బలపడాలి. చదవడం, రాయడం, లెక్కలు రాని పిల్లల కోసం 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఎంతో అవసరమైనది. ఆ శ్రద్ధలో కొంతైనా తరగతి కంటే ముందు నడిచే పిల్లల మీద పెట్టమని మాత్రమే నా విన్నపం. జాతీయ విద్యా విధానం 2020 ఈ మాట స్పష్టంగానే చెప్పింది. ఇలాంటి పిల్లల బోధనను బీఈడీలో ప్రత్యేకాంశంగా పెట్టవచ్చని, బడి స్థాయిలోనూ, దగ్గరలోని బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్స్ స్థాయిలోనూ గణితం, సైన్స్, భాష, సంగీతం, క్రీడలు వంటి వాటికి క్లబ్బులు నడపాలని సూచించింది. మా ప్రాంతంలో అలాంటి క్లబ్బు ఒక్కటి కూడా నేను చూడలేదు.

పిల్లవాడి ప్రతిభను రోజూ చూసేది తరగతి గదిలోని ఉపాధ్యాయుడే. వింత ప్రశ్న ఎవరు వేశారు, కొత్త దారిలో లెక్క ఎవరు చేశారు, బొమ్మలోనో పాటలోనో చేతిపనిలోనో ఎవరు ముందున్నారు అన్నది ఏడాది పొడవునా ఒక నోటుబుక్కులో రాసుకోవడానికి నిధులు అక్కరలేదు. చదవడంలో వెనుకబడిన పిల్లలకు అదే ప్రశ్నను నోటితో, వీలైతే ఇంటి భాష తెలిసిన టీచరు చేత, అడిగించాలి. ఆ నోటుబుక్కులను స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చర్చకు పెడితే, పది బడుల నుంచి ఇరవై మంది పిల్లలు తేలినా చాలు, వారిని నెలకు రెండు శనివారాలు ఒకచోట చేర్చి పాఠ్యపుస్తకం దాటిన పని ఇవ్వవచ్చు. వెనుకబాటును లెక్కలోకి తీసుకుని ఎంపిక చేయడం మనకు కొత్త కాదు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ) ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశ పరీక్ష పెట్టకుండా పదో తరగతి గ్రేడు చూసి, ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపి సీట్లు ఇచ్చారు. ఆ వెసులుబాటు పదో తరగతి దాటాక గాని అందదు. నేను అడుగుతున్నది ఆరేడు తరగతుల వయసులో అందే సాయం.

చింతపిక్కలు పరిచిన ఆ అమ్మాయి పదో తరగతి పాసైంది. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ తక్కువ మార్కులు రావడంతో, దగ్గరలోని కళాశాలలో ఎంపీసీ కష్టమవుతుందని ఎవరో చెబితే సీఈసీలో చేరింది. అలా ఆమె గణితం చదువు పదితోనే ఆగింది. ఆమెను పక్కన కూర్చోబెట్టి నేర్పించాల్సిన నేను, సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో ఆ వరండాలో గడిపిన అరగంటకు మించి సమయం ఇవ్వలేదు. ఇప్పుడు పదవీ విరమణ చేశాను, సమయం ఉంది. మా మండలంలో విద్యాశాఖ ఇలాంటి శనివారం తరగతికి ఒక గది, అనుమతి ఇస్తే గౌరవ వేతనం లేకుండా వచ్చి చెప్పడానికి నాతోపాటు మరో ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు. అధికారులు ఈ లేఖను మా దరఖాస్తుగానే తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా