గని తెలిసినవాళ్ల పేర్లు కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండ్‌లోని రాతియుగపు చెకుముకి రాళ్ల గనుల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఈ విషయానికి తెలుగు పత్రికలో ఒక నిండు పేజీ దొరకడం నాకు చాలా సంతోషం కలిగించింది. కానీ చివరి పేరాలో, శిక్షణ లేని ఔత్సాహికుల చేతిలో పడి ఇలాంటి చోట్లు పాడయ్యాయనీ, నిపుణులు వచ్చాకే అసలు చరిత్ర బయటపడిందనీ రాశారు. అది చదివి మనసు చివుక్కుమంది. ఆ మాట నిజం కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను 31 ఏళ్లు బొగ్గు గనిలో పనిచేశాను. ట్రామర్‌గా (బొగ్గు తొట్లు తోసేవాడిగా) చేరి ఓవర్‌మన్‌గా (గని లోపల పని చూసుకునే సూపర్‌వైజర్‌గా) రిటైరయ్యాను. చదివింది పదో తరగతి. రిటైరయ్యాక మా అమ్మాయి తెచ్చి ఇచ్చిన ఒక పుస్తకంలో గ్రైమ్స్ గ్రేవ్స్ అనే ఇంగ్లండ్ చెకుముకి గని అడ్డుకోత బొమ్మ (గనిని కోసి లోపలిది చూపే బొమ్మ) చూశాను. నిలువుగా ఒక బావి, దాని అడుగు నుంచి నాలుగు దిక్కులకూ గ్యాలరీలు, అంటే అడ్డంగా తవ్విన దారులు, మధ్యలో వదిలేసిన సుద్ద పిల్లర్లు. మా పనివాళ్లు గనిని ‘బాయి’ అనేవారు. ఆ బొమ్మ చూసినప్పుడు ఇది మా బాయే కదా అనిపించింది. అప్పటి నుంచి ఈ గనుల గురించి ఏది దొరికితే అది చదువుతున్నాను.

గ్రైమ్స్ గ్రేవ్స్ నార్‌ఫోక్‌లో ఉంది. గడ్డి మైదానం నిండా 400కు పైగా గుంతలు. అవి పూడిపోయిన గని బావులని తవ్వి నిరూపించింది విలియం గ్రీన్‌వెల్. ఆయన చర్చిలో మతాధికారి. 1868లో మొదలుపెట్టి 1870 వరకు ఒకే ఒక్క గుంతను తవ్వించాడు. దాదాపు 12 మీటర్లు దిగాక అడుగున నల్లటి చెకుముకి రాతి పొర తగిలింది. పాతకాలపు పనివాళ్లు పైన కనిపించిన రెండు రాతి పొరలను దాటుకుని ఆ మూడో పొర కోసమే అంత లోతుకు వెళ్లారు. నేల పైభాగంలో దొరికే రాయి మంచుకు పగుళ్లు తీసి ఉంటుంది, చెక్కుతుంటే ఎటుపడితే అటు విరుగుతుంది. లోపలి రాయి అలా కాదు. పెచ్చు ఎక్కడ లేవాలంటే అక్కడ లేస్తుంది, గొడ్డలికి అదే కావాలి.

ఆ తవ్వకంలో 70కి పైగా దుప్పి కొమ్ముల పనిముట్లు దొరికాయి. కొమ్ముకున్న కొనల్లో మొదటిది ఉంచి మిగతావి తీసేస్తే అదే గునపం. ఒక గ్యాలరీ కప్పు కూలి మూసుకుపోయింది. దాని లోపల రెండు కొమ్ములు, పని ఆపి పెట్టిన చోటే ఉన్నాయి. వాటికి అంటుకుని గట్టిపడిన సుద్ద మీద పట్టుకున్న మనిషి వేళ్ల గుర్తులు ఉన్నాయని గ్రీన్‌వెల్ రాసిపెట్టాడు. సార్, ఈ ఒక్క సంగతి నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. షిఫ్ట్ అయిపోయాక, రేపు మళ్లీ ఇక్కడికే వస్తాం కదా అని మేమూ పనిముట్లు ఫేస్ (బొగ్గు తవ్వే గోడ) దగ్గరే ఆనించి వచ్చేవాళ్లం. ఒకసారి అలా వదిలివచ్చిన చోట తెల్లారేసరికి రూఫ్ కూలి ఉంది. మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ గ్యాలరీలో కూడా అదే జరిగి ఉంటుందని నా నమ్మకం. కొమ్ములున్నాయి, మనిషి లేడు. ఇంటికి వెళ్లాడన్నమాట.

ఇక మీ వ్యాసంలో పేరే లేని మనిషి సంగతి. జాన్ పుల్ 1899లో పుట్టాడు. యూనివర్సిటీ చదువు లేదు. బతుకుతెరువుకు పోస్టాఫీసులో పనిచేశాడు. 1922లో ససెక్స్‌లో బ్లాక్‌ప్యాచ్ అనే కొండ మీద గుంతలు చూసి, అవి గనులని గుర్తుపట్టి, స్నేహితులతో కలిసి తవ్వడం మొదలుపెట్టాడు. గ్రైమ్స్ గ్రేవ్స్ కన్నా ససెక్స్ గనులు ఎంతో పాతవి, దాదాపు ఆరు వేల ఏళ్ల నాటివి. మొదటి బావి తవ్వాక దాని నివేదిక స్థానిక పెద్దల చేతుల్లోకి వెళ్లిపోయింది. 1924లో అచ్చయిన ఆ నివేదికను రాసినవాళ్లలో పుల్ పేరు లేదు. ఆయన తవ్వకం మానలేదు. సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో తవ్వుతూ, బ్లాక్‌ప్యాచ్ గని పనివాళ్ల గురించి 1932లో తనే ఒక పుస్తకం వేశాడు. ఆ తర్వాత చర్చ్ హిల్, 1950లలో సిస్‌బరీ అనే చోట్ల గనులు తవ్వాడు. సిస్‌బరీలో ఒక బావి అడుగున యువతి అస్థిపంజరం దొరికింది. ఆమె అక్కడికి ఎలా చేరిందన్న దాని మీద ఈనాటికీ వాదన ఉంది.

పుల్ ప్రతి బావికీ కొలతలు తీసి, అడ్డుకోతలు గీసి, ఏ పొరలో ఏది దొరికిందో రాసుకునేవాడు. 1950 ప్రాంతంలో బ్లాక్‌ప్యాచ్ నేలను వ్యవసాయం కోసం బుల్‌డోజర్‌తో చదును చేశారు. ఈ రోజు అక్కడికి వెళితే చూడటానికి దాదాపు ఏమీ మిగలలేదు. ఆ గనుల గురించి మనకు తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం వర్తింగ్ మ్యూజియంలో ఉన్న పుల్ కాగితాల నుంచి వచ్చిందే. అలాంటి మనిషిని కూడా కలుపుకుని ‘పాడుచేసినవాళ్లు’ అని రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. పోస్టాఫీసు నుంచి రిటైరయ్యాక ఆయన ఒక బ్యాంకులో కాపలా పనికి కుదిరాడు. 1960లో అక్కడ దోపిడీకి వచ్చినవాళ్ల తుపాకీకి బలయ్యాడు. ఆయన పనికి పూర్తి గుర్తింపు దక్కింది పోయాక చాలా ఏళ్లకు.

తప్పులు జరగలేదని నేను అనను. 1939లో గ్రైమ్స్ గ్రేవ్స్ 15వ బావిలో సుద్దతో చెక్కిన స్త్రీ బొమ్మ దొరికిందన్నారు. దాన్ని ఎవరో తెచ్చి పెట్టి ఉంటారన్న అనుమానం ఇంతవరకు పోలేదు, ఎందుకంటే అది ఎలా దొరికిందో సరిగా రాసిపెట్టలేదు. మా గనిలో కూడా రిపోర్టు పుస్తకంలో రాయని పని జరగనట్టే లెక్క. కాబట్టి చూడవలసింది తవ్వినవాడి డిగ్రీ కాదు, అతని నోటు పుస్తకం.

మరో దేశం సంగతి కూడా చెప్పాలి. నెదర్లాండ్స్ దక్షిణాన రైక్‌హోల్ట్ అనే చోట ఇలాంటివే గనులున్నాయి. 1964 నుంచి 1972 వరకు వాటిని తవ్వింది ఆ దేశపు జియాలజీ సంఘం లింబర్గ్ శాఖలోని వలంటీర్లు. వాళ్లలో బొగ్గు గనుల అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. పై నుంచి ఒక్కో బావినీ తోడుకుంటూ పోతే జీవితకాలం చాలదు. అందుకని కొండ పక్క నుంచి, చెకుముకి పొర ఉన్న మట్టంలోనే, దాదాపు 150 మీటర్ల పొడవున అడ్డంగా సొరంగం కొట్టారు. పాత గ్యాలరీలు ఒకదాని తర్వాత ఒకటి ఆ సొరంగానికి రెండు వైపులా తగులుతూ వచ్చాయి. ఇది గని మనిషికే తట్టే ఆలోచన అని నేను గర్వంగా చెప్పగలను. 14,000కు పైగా రాతి పనిముట్లు బయటపడ్డాయి. వాళ్లు ఈ పనిలో ఉండగానే, 1965లో, లింబర్గ్ బొగ్గు గనులన్నీ మూసేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. సొంత గని మూతపడుతుంటే ఎవరో పూర్వీకుల గనిని తెరవడం ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఆ తర్వాత 1970లలో బ్రిటిష్ మ్యూజియం గ్రైమ్స్ గ్రేవ్స్‌లో తవ్వకాలు చేపట్టినప్పుడు భూగర్భంలో గ్యాలరీలు తెరవడానికి పిలిచింది రైక్‌హోల్ట్‌లో తవ్విన ఈ డచ్చి (నెదర్లాండ్స్) బృందాన్నే. అంత పెద్ద మ్యూజియానికి నిపుణులు లేక కాదు. బరువు మోస్తున్న పిల్లర్ ఏదో, ఎక్కడ ఆగాలో లోపలికి పాకి వెళ్లి చెప్పగలిగేవాళ్లు కావాలి. మేము కర్రతో రూఫ్ తట్టి చూసేవాళ్లం. గట్టిగా పలికితే సరే, డొల్లగా పలికితే వెనక్కి రావాలి. ఆ శబ్దం పుస్తకంలో నేర్పలేరు. పాత గ్యాలరీల్లో సుద్ద ముక్కలు నింపి ఉండటం చూసి అది చెత్త పారబోయడమని ఒక చోట రాశారు. పైకి మోసే శ్రమ తప్పడమూ, కప్పుకు ఆసరా దొరకడమూ రెండూ ఉంటాయి అందులో. బొగ్గు తీసిన ఖాళీలను మేము ఇసుకతో నింపేవాళ్లం, స్టోయింగ్ అంటారు.

మీ వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. ఆయన రాసిన మిగతా విషయాలన్నీ శ్రద్ధగా రాశారు. నేను కోరేది రెండే. ఆ చివరి పేరాకు ఒక సవరణ వేయండి, అందులో జాన్ పుల్ పేరు ఉండాలి. వీలైతే రైక్‌హోల్ట్ సొరంగం మీద ఇంకో ఆదివారం ఒక పేజీ ఇవ్వండి. అడ్డుకోత బొమ్మ తప్పకుండా వేయండి, కాస్త పెద్దగా. నాతో పనిచేసినవాళ్లలో చదవడం రానివాళ్లు ఉన్నారు, కానీ ఆ బొమ్మ చూపిస్తే అందులో ఏ పిల్లర్ ముందు కూలుతుందో వాళ్లు చెప్పేస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఓవర్‌మన్