శ్రావణం బుకింగ్స్ మొదలయ్యే ముందు మా కస్టమర్లకు

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఈ నెలలోనే మా ఫొటో స్టూడియో క్యాలెండర్లన్నీ సర్దాం. ఇకపై మీ తేదీ ఆఫీసులోని గూగుల్ క్యాలెండర్ ఒక్కదాంట్లోనే ఎక్కుతుంది. కెమెరా వాళ్ల ఐఫోన్లయినా, డ్రోన్ అబ్బాయి ఆండ్రాయిడ్ అయినా దాన్నే చూపిస్తాయి.

ఇంతకుముందు ఎవరి క్యాలెండర్ వాళ్లదే, లింకులతో కలుపుకునేవాళ్లం. అలా లింక్ ఇచ్చి చేర్చిన బయటి క్యాలెండర్‌ని గూగుల్ తన తీరిక చూసుకుని చదువుతుంది. ఒక్కోసారి గంటలు పడుతుంది, తొందరపెట్టడానికి బటన్ కూడా లేదు. మాఘమాసంలో ఒకే ముహూర్తానికి పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు అడుగుతుంటే అంత ఆలస్యం ఎలా కుదురుతుంది? అందుకే లింకులు తీసేసి అందరి ఫోన్లలో స్టూడియో అకౌంటే పెట్టాం. ఇప్పుడూ కొన్ని నిమిషాలు తేడా రావచ్చు. కాబట్టి మా కుర్రాళ్లలో ఎవరైనా 'డేట్ ఖాళీయే అండీ' అంటే అది బుకింగ్ కాదు. ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చాకే ఖాయం.

అసలు చిక్కు రాత్రి ముహూర్తాలతో. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఫోనుకి అర్ధరాత్రితో. శుక్రవారం రాత్రి 1:40 ముహూర్తం అంటే ఫోను లెక్కలో అప్పటికే శనివారం. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ సర్దదు. అందుకే శుభలేఖలో 'తెల్లవారితే శనివారం' అని ఉంటే రెండు తేదీలూ మీ పేరు మీదే ఆపేస్తాం, శనివారం పగలు ఇంకో పని ఒప్పుకోం. నిజం చెప్పాలంటే మాకు గిట్టుబాటు తక్కువే, కానీ రాత్రంతా మేలుకున్న మనిషి చేతికి కెమెరా ఇవ్వలేం కదా. దీనికి అదనంగా ఏమీ తీసుకోం.

అమెరికాలో ఉన్న పెళ్లివారికి ఒక మాట. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఇక్కడ జరగదు. డల్లాస్‌తో పదిన్నర గంటల తేడా పదకొండున్నర అవుతుంది. వారం వారం వీడియో కాల్‌కి మేం పంపే ఇన్విటేషన్ భారత టైములో ఉంటుంది. కార్తీకంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు అప్పటినుంచి అది గంట ముందు కనిపిస్తుంది. ఆఫీసుకు వెళ్లే వేళ అయితే చెప్పండి, మారుస్తాం.

పంతులుగారు ముహూర్తం మారిస్తే మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టి వదిలేయకండి, ఆఫీసుకు ఫోన్ చేయండి. హల్దీ, సంగీత్ తేదీలు తేలకపోయినా ఫర్వాలేదు, తర్వాత చేర్చుకుందాం.